తడిమంచుకూ ఒక నీరటి కావాలి

గత నెలలో షాద్‌నగర్‌లో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు, చాలా ఏళ్ళ క్రితం ఇంటర్‌లో నా దగ్గర భౌతికశాస్త్రం చదువుకున్న అబ్బాయి బంతిలో నా పక్కనే కూర్చున్నాడు. ఇప్పుడు ఉపగ్రహ చిత్రాలను విశ్లేషించే ఉద్యోగం చేస్తున్నాడట. మా చిన్నాయన కొడుకు హిమాచల్‌ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో రోడ్ల మీది మంచు తీసే యంత్రం నడుపుతాడనీ, ఎండలు ముదిరేకొద్దీ అక్కడి మంచు తడిసి కొండ మీది నుంచి జారిపడుతుందనీ, అది ఎప్పుడు జారుతుందో కనిపెట్టడానికి వాళ్ళు పొద్దున్నే గుంత తవ్వి చూస్తారనీ నేను చెబుతుంటే, అతను పప్పులో నెయ్యి కలుపుకుంటూ నవ్వాడు. "సార్, మంచుల గుంతలు తవ్వే కాలం పోయింది. రాడార్ మబ్బులకెళ్ళి గూడ చూస్తది. తడిసిందా లేదా అన్నది మేం ఈడ కూసోనే చెప్తం" అన్నాడు.

అతని మాటలో అబద్ధం లేదు. హిమాలయాల మీదుగా పోయే ఉపగ్రహాలు పంపే సమాచారం దిగే పెద్ద కేంద్రాల్లో ఒకటి ఆ పెళ్ళి పందిరికి కూతవేటు దూరంలోనే, ఒకప్పటి మన పాలమూరు జిల్లా నేల మీదే ఉంది. 2022 ఫిబ్రవరి 14న పైకి వెళ్ళిన ఇ.ఓ.ఎస్-04 ఉపగ్రహంలోనూ, 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్ళిన నిసార్ ఉపగ్రహంలోనూ ఉన్నవి రాడార్లే. వాటికి రాత్రీ పగలూ, మబ్బూ ఎండా ఒక్కటే. అయినా ఆ రోజు ఇంటికి వచ్చే బస్సులో కూర్చున్నప్పటి నుంచి ఆ మాట నాకు మింగుడు పడటం లేదు. మంచు తడిసిందా అన్నది ఒక ప్రశ్న. తడి ఎంత లోతుకు దిగింది, ఏ పొర దగ్గర ఆగింది, ఈ రాత్రి మళ్ళీ గట్టిపడుతుందా అన్నవి వేరే ప్రశ్నలు. రోడ్డు మీద నిలబడ్డ మనిషి ప్రాణం ఈ రెండో రకం ప్రశ్నల మీద ఆధారపడి ఉంటుంది. వీటికి జవాబు చెప్పగలిగేది, ఒకే చోటును రోజూ పొద్దున్నే తాకి చూసే మనిషి, అతని చేతికింద ఉండే కొన్ని పరికరాలు. ఆ మనిషి, చెరువు నీటిని మడులకు పంచుతూ కట్టను కాపు కాసే నీరటి లాంటివాడని నా అభిప్రాయం. ఆ పోలిక ఎక్కడిదాకా నిలుస్తుందో, ఎక్కడ తెగిపోతుందో చూద్దామనే ఈ వ్యాసం.

ముందుగా ఒక భాషా సంకటం. పొలంలో శనగ ఆకు మీద కురిసేదీ మంచే, పొద్దున రోడ్డుకు అడ్డంగా తెర కట్టేదీ మంచే, హిమాలయాల్లో గజాల కొద్దీ పేరుకునేదీ మంచే. ఇక మన పత్రికల్లో 'హిమపాతం' అంటే ఒకరోజు మంచు కురవడం, మరొక రోజు కొండ మీది మంచు విరిగిపడి మనుషులను పూడ్చెయ్యడం. చూడని వస్తువుకు పేరెలా పుడుతుంది? నేను ఇక్కడ మంచు కురిస్తే హిమపాతమనీ, విరిగిపడితే మంచు చరియలనీ రాస్తాను. లాహౌల్‌లోని మా తమ్ముడు, అదే మా చిన్నాయన కొడుకు, మాత్రం రెండింటినీ కలిపి "బరఫ్ వచ్చింది" అంటాడు; అతని గొంతును బట్టి ఏదో తెలుసుకోవాలి.

పొద్దున రాయి, పదకొండుకు బురద

రెండేళ్ళ క్రితం ఏప్రిల్‌లో సెలవులు చూసుకుని వాడి దగ్గరికి వెళ్ళాను. మనాలి దాటి, 2020లో ప్రారంభమైన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగంలోంచి అవతలికి వెళితే చంద్రా నది లోయ. పనివాళ్ళ రేకుల షెడ్డు రోడ్డు పక్కనే ఉంది. పాలమూరు నుంచి ఒక్క మా తమ్ముడే. మిగిలినవాళ్ళు జార్ఖండ్ వాళ్ళు, నేపాల్ వాళ్ళు. ముఠాకు పెద్ద, అక్కడి పద్ధతిలో 'మేట్', అదే లోయలో పుట్టి పెరిగిన అరవై ఏళ్ళ మనిషి. మా తమ్ముడు ఫోన్‌లో చెప్పిన మాట నాకు అప్పటికే గుర్తుండిపోయింది: "అన్నా, పొద్దుగాల రాయిలెక్క ఉంటది, పదకొండు గొట్టేసరికి మోకాలిదాక దిగబడ్తది."

మొదటి రోజు ఆరు గంటలకు మేట్ వెనకాల నడిచాను. షెడ్డుకు వంద గజాల దూరంలో, రోడ్డు మీదికి వాలిన పెద్ద వాలు ఏ దిక్కుకు తిరిగి ఉందో అదే దిక్కుకు తిరిగిన ఒక చిన్న గట్టు ఉంది. పెద్ద వాలు మీదికి ఎవరూ ఎక్కరు. దాని తరఫున ఈ గట్టును అడుగుతారు. ఆయన ముందు మడమతో గట్టిగా తన్నాడు. బూటు దిగలేదు. తర్వాత గడ్డపారను నిలువుగా గుచ్చి, చేతికి తగిలే గట్టిదనాన్ని వింటున్నట్టు తల వంచి నిలబడ్డాడు. ఆపైన పారతో నడుము లోతు గుంత తీసి, ఒక గోడను నున్నగా చెక్కాడు. పైన జానెడు మందం మంచు కల్లుప్పు గళ్ళలా గరుకుగా ఉంది. దాని కింద మూరెడు, పిండిలా సన్నగా, బిగువుగా ఉంది. ఆ కింద వేలెడు మందాన గాజు పలకలాంటి పెంకు. ఆ పెంకు మీద వేలు పెట్టి లాగితే చేతితొడుగు తడిసింది. పెంకు కింద, నేలను అంటుకుని, జానెడు మందాన దొడ్డు చక్కెరలాంటి గుళికలు. పొడిగా ఉన్నాయి, గోకితే జలజల రాలాయి. ఆయన ఆ చక్కెరను గుప్పిట్లోకి తీసుకుని పిసికాడు, ముద్ద కట్టలేదు. "ఇది తడిసిన రోజు జాగ్రత్త" అన్నాడు హిందీలో, అంతే.

చలికాలం తొలినాళ్ళలో పలచగా కురిసిన మంచు, కింద నేల వెచ్చదనానికీ పైన గాలి చలికీ మధ్య నలిగి నలిగి అలా చక్కెరగా మారుతుంది. గుళికలు పెద్దవి, వాటి మధ్య అతుకు తక్కువ. ఎండకు పై మంచు కరిగితే నీరు కిందికి దిగుతుంది. కాని దిగడం మనం అనుకున్నంత సూటిగా ఉండదు. సన్నని మంచు కేశనాళికీయత వల్ల, అంటే వత్తి నూనెను పీల్చినట్టు ఇరుకు సందుల్లోకి లాక్కునే గుణం వల్ల, నీటిని పట్టి ఉంచుతుంది. కింద ఉన్న గరుకు పొర ఆ నీటిని లాక్కోలేదు. గాజు పెంకు ఉంటే నీరు దాని మీదే నిలుస్తుంది. నిలిచి నిలిచి ఒకచోట దారి చేసుకుని, వేళ్ళలా పాయలై కిందికి జారి, చక్కెర పొరను మొదటిసారి తడుపుతుంది. ఆ తొలి తడుపు దగ్గరే ఎక్కువ ప్రమాదం. అతుకులు కరిగిపోతాయి, పైన బరువు అలాగే ఉంటుంది. కొన్నాళ్ళు తడిసి, రాత్రుళ్ళు గడ్డకట్టి, లోపల నీరు పోయే కాలువలు ఏర్పడ్డ మంచు మళ్ళీ కొంత నిలదొక్కుకుంటుంది. మన మట్టి గోడలు కూడా అంతే. మా ఎదురింటి గోడ ఆ ఏటి మొదటి పెద్ద ముసురుకు కూలింది. అదీ వాన కురుస్తుండగా కాదు, వాన వెలిసి ఎండ కాసిన మూడో రోజు మధ్యాహ్నం, పిల్లలు దాని నీడన ఆడుకుని ఇంట్లోకి పోయిన కాసేపటికి.

మూడో రోజు రాత్రి మబ్బు పట్టింది. తెల్లవారి మేట్ మడమ చీలమండ దాకా దిగింది. మబ్బులేని రాత్రి మంచు తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది కనుక గాలి సున్నాకు కాస్త పైనున్నా పైపొర గడ్డకడుతుంది. మబ్బు కప్పితే ఆ వేడి పోయే దారి మూసుకుపోతుంది. ఇది అర్థం చేసుకోవడానికి హిమాలయాలకు పోనక్కరలేదు, మబ్బు రాత్రి శనగచేను మీద మంచు కురవదని అలంపురం రైతు ఎవరైనా చెబుతాడు. మేట్ ఆ రోజు పని వద్దన్నాడు. ఫోన్‌లో సూపర్‌వైజర్ ఒప్పుకోలేదు, ఆ రోజు ఆ జిల్లాకు హెచ్చరిక ఏదీ లేదన్నాడు. గంటల లెక్కన కిరాయి కట్టే యంత్రం నిలబడి ఉంటే ఎవరికి నష్టమో అతనికి తెలుసు. అయినా ముఠా కదలలేదు. ఆ రోజంతా మేము షెడ్డులో కూర్చుని వాలు వైపు చూస్తూ గడిపాం. ఏమీ జరగలేదు. పై నుంచి నాలుగైదు మంచు ఉండలు దొర్లి, వెనక గీతలు వదిలి, మధ్యలోనే ఆగిపోయాయి. సాయంత్రం సూపర్‌వైజర్ వచ్చి, "మీ ముసలాయన జ్యోతిష్యం బాగుంది" అన్నాడు. మేట్ టీ తాగుతూ ఉండిపోయాడు.

నాలుగో రాత్రి ఆకాశం తేటగా ఉంది. పొద్దున మంచు రాయి. పది దాకా పని నడిచింది. అయిదో రాత్రి మళ్ళీ మబ్బు, తెల్లవారుజామున సన్నని తుంపర. గుంతలో గాజు పెంకు మెత్తబడి వేలితో నొక్కితే విరిగింది. కింది చక్కెర గుప్పిట్లో ముద్ద కట్టింది. మేట్ ఎవరికీ ఫోన్ చెయ్యలేదు, యంత్రాన్ని తానే వెనక్కి తీయించాడు. మధ్యాహ్నం రెండు కావస్తుండగా వాలు కదిలింది. నేను ఉరుము లాంటి చప్పుడు వస్తుందనుకున్నాను. టిప్పర్ కంకర దించుతున్న చప్పుడు వచ్చింది, ఆగకుండా. పొడిమంచు చరియలా పొగలు లేపలేదు. కళ్ళతో వెంబడించగలిగినంత నిదానంగా, కలిపిన సిమెంటు జారినట్టు, కింది గడ్డినీ రాళ్ళనూ చెక్కుకుంటూ వచ్చి రోడ్డు మీద మనిషి ఎత్తుకు రెండింతలు పోగుపడింది. ముందురోజు పొద్దున యంత్రం నిలబడ్డ చోటే అది. తెల్లవారి తవ్వబోతే బకెట్ పళ్ళు జారాయి. తడిమంచు ఆగిన మరుక్షణం నుంచే బిగుసుకుపోతుంది. ఘనపు మీటరుకు అర టన్ను, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే తూగుతుంది. అందులో కూరుకున్న మనిషి చెయ్యి కూడా కదల్చలేడు.

థర్మామీటరు చేతులెత్తేసే చోటు

మా విద్యార్థికి నేను బంతిలోనే చెప్పవలసిన సంగతి ఒకటి ఉంది. పిల్లలకు గుప్తోష్ణం, అంటే మంచు కరిగేటప్పుడు మింగి, నీరు గడ్డకట్టేటప్పుడు వదిలే వేడి గురించి చెప్పేటప్పుడు ఇన్నేళ్ళూ గ్లాసులోని ఐసుముక్క ఉదాహరణే ఇచ్చాను. లాహౌల్ వెళ్ళి వచ్చాక మార్చాను. ఒక గ్రాము నీరు గడ్డకడితే 334 జౌళ్ళ వేడి వదులుతుంది. ఒక గ్రాము మంచును ఒక డిగ్రీ వేడెక్కించడానికి 2.1 జౌళ్ళు చాలు. అంటే పై నుంచి దిగిన ఒక గ్రాము నీరు లోపల గడ్డకట్టి, దాదాపు 160 గ్రాముల చల్లని మంచును ఒక డిగ్రీ పైకి లేపుతుంది. ఇలా కొన్ని రోజుల్లోనే మంచు పై నుంచి కింది దాకా సున్నా డిగ్రీలకు చేరుతుంది. అప్పటినుంచి దిగే నీటిని గడ్డకట్టించే చలి దానిలో మిగలదు. వచ్చిన నీరు వచ్చినట్టే కిందికి పోతుంది.

అప్పటిదాకా మంచులో వరసగా గుచ్చి ఉంచిన ఉష్ణమాపకాలు ఎంతో పనికొస్తాయి. ఏ పొర ఏ గంటకు సున్నాకు చేరిందో చూస్తే నీటి ప్రయాణం కనిపిస్తుంది. కాని మంచంతా సున్నాకు వచ్చాక థర్మామీటరు చేతులెత్తేస్తుంది. మంచులో ఒక శాతం నీరున్నా, పది శాతం ఉన్నా అది సున్నానే చూపుతుంది. ఇక మిగిలింది నీటి శాతం కొలవడమే. అంతర్జాతీయంగా వాడే వర్గీకరణలో 3 శాతం లోపు ఉంటే చెమ్మ మంచు. గుప్పిట్లో ముద్ద కడుతుంది. 3 నుంచి 8 శాతం దాకా తడిమంచు. భూతద్దంతో చూస్తే గుళికల మధ్య నీరు కనిపిస్తుంది, పిండితే కారదు. 8 దాటితే పిండితే కారుతుంది. 15 దాటితే బురద. ఈ వర్గీకరణకు మూలం మనిషి అరచెయ్యి అన్నది నాకు ముచ్చట గొలిపే విషయం. శాతాలు పక్కన రాసుకున్నారు గాని, పరీక్ష మాత్రం పిసికి చూడటమే.

పరికరాలు లేవని కాదు. స్విట్జర్లాండులో దావోస్ పైన 2,500 మీటర్ల ఎత్తున వైస్‌ఫ్లుయోఖ్ అనే చోట 1936 నుంచి ఒకే మైదానంలో మంచును కొలుస్తున్నారు. అక్కడ రాడార్‌ను నేలలో పాతి, పైకి చూసేలా పెట్టారు. రాడార్ తరంగాలకు మంచుగడ్డ డైఎలక్ట్రిక్ స్థిరాంకం (తరంగాన్ని ఒక పదార్థం ఎంత నెమ్మదింపజేస్తుందో చెప్పే అంకె) 3 చుట్టుపక్కల ఉంటే, నీటిది 80 పైన. అందువల్ల కొద్దిపాటి నీరు దిగినా తరంగం నడక మారిపోతుంది, నీటి అంచు ఎంత లోతుకు వచ్చిందో గంట గంటకూ తెలుస్తుంది. మంచు అడుగున పళ్ళెం పెట్టి, కారిన నీటిని కొలిచే లైసిమీటర్లు ఉన్నాయి. స్నోప్యాక్ అనే కంప్యూటర్ నమూనా గాలి, ఎండ, మబ్బు లెక్కలు తీసుకుని పొరలవారీగా నీటిని అంచనా కడుతుంది. మంచు మొత్తంలో నీరు సగటున 3 శాతానికి చేరుకోవడం తడి చరియలు మొదలయ్యే రోజులకు మంచి గుర్తు అని అక్కడి పరిశీలనలు తేల్చాయి. గమనించవలసింది ఏమంటే, అక్కడి పరికరాలు అన్నీ ఆకాశంలో లేవు. ఎక్కువ భాగం మంచు కిందా, మంచు మధ్యా ఉన్నాయి. దేశమంతటా వందకు పైగా స్వయంచాలక కేంద్రాలు ఉండి కూడా, గుంత తవ్వి చెప్పే పరిశీలకులను వాళ్ళు మానిపించలేదు.

ఉపగ్రహ రాడార్ విషయానికి వస్తే, తడిమంచు ఆ తరంగాలను మింగేస్తుంది, కాబట్టి చిత్రంలో ఆ చోటు నల్లబడుతుంది. పైపొర తడిసిందని అది నిక్కచ్చిగా చెబుతుంది. అయితే పైపొర తడిస్తే తరంగం లోపలికి పోదు. తడి వేలెడా, మూరెడా అన్నది తెలియదు. పైగా నిసార్ అదే దారికి తిరిగి వచ్చేది 12 రోజులకు ఒకసారి. మేట్ బూటు రాయి మీద ఆగిన పొద్దుకూ, చీలమండ దాకా దిగిన పొద్దుకూ మధ్య ఉన్నది ఒక్క రాత్రి.

కట్టమైసమ్మ అరుగు మీది గ్లాసు

మా పెద్దనాయిన మా ఊరి చెరువుకు నీరటి. తూము తీయడం, ఏ మడికి ఎంత నీరో పంచడం ఆయన పనిగా ఊరికి తెలుసు. వానకాలంలో ఆయన చేసే మరో పని తక్కువమందికి తెలుసు. చెరువు నిండి అలుగు పారే రోజుల్లో కట్ట కింది భాగాన ఊట వస్తుంది. ఊట రావడం తప్పు కాదు, మట్టికట్ట అన్నాక ఊరుతుంది. తేటగా ఊరితే భయం లేదు; మడ్డిగా ఊరితే కట్ట లోపలి మట్టిని నీరు మోసుకొస్తోందని, బుంగ పడబోతోందని అర్థం. చీకట్లో తేటా మడ్డీ తెలియదు కదా. అందుకని ఆయన రాత్రి ఊటనీటిని ఒక గాజు గ్లాసులో పట్టి కట్టమైసమ్మ గుడి అరుగు మీద పెట్టేవాడు. పొద్దున అడుగున ఎంత మట్టి పేరుకుందో చిటికెన వేలి గోరుతో కొలిచేవాడు. గోరు సగం దాటితే ఊళ్ళోకి కబురు. ఆయన లైసిమీటరు అన్న మాట ఎన్నడూ వినలేదు.

ఇక్కడ నేను పాత కాలాన్ని పొగడటం లేదు. ఆ గ్లాసు ఒకసారి ఆయనను మోసం చేసింది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక రాత్రి గ్లాసులో మట్టి ఎక్కువ కనిపించి, డప్పు కొట్టించి ఊరిని లేపాడు. రెండు వందల మంది తట్టలతో, ఇసుక బస్తాలతో కట్ట మీదికి వచ్చి తెల్లవార్లూ కాపలా కాశారు. ఏమీ కాలేదు. తర్వాత తేలిందేమంటే, ఎవరివో బర్రెలు ఊట మడుగులో దిగి తొక్కాయి. ఆ మాట ఊళ్ళో ఏళ్ళ తరబడి నవ్వుగా తిరిగింది. మరుసటి ఏడు ఆయన మళ్ళీ కబురు పెడితే పాతికమంది వచ్చారు. ఆ ఏడు నిజంగానే బుంగ ఉంది. పాతికమందితోనే పూడ్చారు, అదృష్టం.

లాహౌల్‌లో సూపర్‌వైజర్ నవ్వినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ బర్రెలే. తడిమంచు అంచనాలో అన్నిటికంటే కష్టమైన సంగతి ఇదేనని నాకు అనిపిస్తుంది. పొడిమంచు చరియకు ప్రేరణ పై నుంచి వస్తుంది: కొత్త మంచు, గాలి, మనిషి అడుగు. తడిమంచుకు ప్రేరణ లోపలే పుడుతుంది కనుక 'ఇవాళ ప్రమాదం పెరిగింది' అని చెప్పడం సాధ్యమే గాని, 'ఈ వాలు, ఈ గంటకు' అని చెప్పడం స్విట్జర్లాండు వాళ్ళకూ చేతకాని పని. ముఖ్యంగా గడ్డివాలు మీదా, నున్నని బండ మీదా మంచు మొత్తంగా జారే రకంలో, పైన పగులు కనిపించాక గంటల్లో పడవచ్చు, వారాలు నిలబడవచ్చు, పడకుండానే కరిగిపోవచ్చు. కనుక మేట్ చెప్పిన రెండు సార్లలో ఒకసారి తప్పడం అతని చేతకానితనం కాదు. ఆ విద్యకు ఉన్న హద్దు అంతే.

నాకే ఉన్న అనుమానాలు

నా వాదంలో లొసుగు ఎక్కడుందో మా విద్యార్థి కంటే నాకే బాగా తెలుసు. గుంత చెప్పేది ఒక్క చోటు సంగతి. నీరు పాయలు పాయలుగా దిగుతుందని నేనే పైన రాశాను; అటువంటప్పుడు మేట్ తవ్విన గోడలో పొడిగా కనిపించిన చక్కెర, పది గజాల అవతల తడిసిపోయి ఉండవచ్చు. చెరువు కట్ట అరకిలోమీటరు ఉంటుంది, నీరటి నడిచి చూడగలడు. హిమాలయాలు 2,400 కిలోమీటర్లు. ఎంతమంది మేట్‌లు కావాలి? గుంత తవ్వడానికి వెళ్ళిన మనిషి మీదే చరియ పడితే?

ఈ ప్రశ్నలకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక భాగం మాత్రం ఉంది. హిమాలయాలన్నిటికీ నీరటి అక్కరలేదు. మనుషులు గుడారాలు వేసుకునే చోట్లకు, రోడ్డును చరియల దారి అడ్డంగా కోసే చోట్లకు కావాలి. ఏ రోడ్డు మీద ఏ మలుపులో ఏటా మంచు దిగుతుందో అక్కడివాళ్ళకు తెలుసు. 1969లో మంచు అధ్యయనం కోసం ఏర్పడి, 2020లో డి.జి.ఆర్.ఇ.గా మారిన రక్షణ పరిశోధన సంస్థ దశాబ్దాలుగా అటువంటి చోట్లను గుర్తిస్తూనే ఉంది. ఉపగ్రహం చేయగల పని కూడా ఇక్కడే ఉంది: ఎన్నడూ చూడని లోయలో ఈ వారం తడి ఎంత ఎత్తుకు ఎగబాకిందో చెప్పి, గుంత ఎక్కడ తవ్వాలో చూపడం. పై చూపు ఊరిని చూపిస్తుంది, ఇల్లు వెతుక్కోవలసింది మనమే.

మరో అనుమానం ఇంకా బరువైనది. హెచ్చరిక సరిగ్గా ఉన్నా వినవలసినవాడికి చేరకపోతే, చేరినా ఆగే అధికారం అతనికి లేకపోతే, గుంతకూ రాడార్‌కూ తేడా ఏముంది? 2025 ఫిబ్రవరి చివరి వారం మన దగ్గర ఎవరూ హిమాలయ వార్తలు చదవలేదు. 22వ తేదీన దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు సొరంగం కూలి, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ కాశ్మీర్‌ల నుంచి వచ్చిన ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. అందరి కళ్ళూ అటే ఉన్నాయి. ఆరు రోజులకు, 28వ తేదీ తెల్లవారుజామున, బదరీనాథ్ దగ్గరి మాణాలో రోడ్డు పనివాళ్ళు నిద్రపోతున్న కంటైనర్ల మీద మంచు చరియలు పడ్డాయి. 54 మందిలో 46 మందిని బయటికి తీశారు, ఎనిమిది మంది పోయారు. అది ఎండకు తడిసి జారిన మంచు కాదు. ఎడతెగని హిమపాతం తర్వాత వచ్చినది. నేను దాన్ని ఇక్కడ తలచుకోవడానికి కారణం వేరు. ముందురోజు సాయంత్రమే మాణా ఉన్న చమోలీతో సహా అనేక జిల్లాల్లో 2,400 మీటర్ల పైనున్న ప్రాంతాలకు హెచ్చరిక వెలువడింది. జిల్లా అంతటికీ ఇచ్చిన హెచ్చరికను, ఆ జిల్లాలో ఒక కంటైనర్‌లో పడుకున్న మనిషి తనకోసమేనని ఎలా అనుకుంటాడు? వాతావరణ శాఖ 'ఉమ్మడి నల్లగొండ జిల్లాలో అక్కడక్కడ భారీ వర్షాలు' అన్నప్పుడు మనలో ఎవరైనా గొడుగు తీసుకున్నామా?

మా పెద్దనాయినకు జీతం తక్కువే గాని, ఒక్క అధికారం ఉండేది. తూము తియ్యమన్నా, అలుగు దగ్గర అడ్డం తొలగించమన్నా ఆ రాత్రికి ఆయన మాటే చెల్లేది. పటేల్ అయినా పొద్దున అడగవలసిందే. ఆ తర్వాత నీరటులు గ్రామ సేవకులయ్యారు, గ్రామ రెవెన్యూ సహాయకులు (వీఆర్ఏలు) అయ్యారు, 2023లో ఆ వ్యవస్థే రద్దయి తలా ఒక శాఖలో సర్దుకున్నారు. వాళ్ళ బతుకులకు అది మంచిదే. కట్ట కింద గ్లాసు పెట్టేవాడు మాత్రం లేడు. లాహౌల్ మేట్ సంగతి మరీ అన్యాయం. అతనికి జ్ఞానం ఉంది, అధికారం లేదు. అయిదో రోజు అతను ఫోన్ చెయ్యకుండా యంత్రాన్ని వెనక్కి తీయించడం, సూటిగా చెప్పాలంటే, దొంగతనంగా చేసిన పని. రోడ్డు పనుల ఒప్పందాల్లో యంత్రం గంటలకు లెక్క ఉన్నట్టే, మంచు మెత్తబడిన గంటలకూ లెక్క ఉండాలి. పొద్దున బూటు దిగితే ఆ రోజు కిరాయి ఎవరు భరించాలో ముందే రాసుకోవాలి. పదింట అయిదు సార్లు అది వృథా ఖర్చు అవుతుంది. అవనీ.

లాహౌల్ నుంచి వచ్చేటప్పుడు మా కళాశాల ప్రయోగశాలలో పాతబడ్డ ఆల్కహాల్ థర్మామీటర్లు ఆరు పంపిస్తానని మా తమ్ముడికి మాటిచ్చాను. పార్సిల్‌లో రెండు పగిలాయి. మిగిలిన నాలుగింటిని వాడు కర్రకు జానెడు ఎడంగా కట్టి ఆ చిన్న గట్టులో పాతాడు. మేట్ మొదట నవ్వాడట, తర్వాత అంకెలు చదివి చెప్పమని రోజూ అడుగుతున్నాడట. ఈ ఏప్రిల్‌లో వాడు పంపిన సందేశాలు నా ఫోన్‌లో ఉన్నాయి.

"9వ తారీకు. ఆరు గొట్టంగ పైది మైనస్ మూడు, అడుగుది మైనస్ ఒకటి. బూటు దిగలే. రాత్రి చుక్కలు మంచిగ కనబడ్డయి."

"14. నాల్గు గూడ సున్నా. మబ్బు లేకుండె. పైన రెండు వేళ్ళ మందం గట్టిగుంది. తొమ్మిదింటిదాంక చేసినం."

"15. నాల్గు సున్నానే అన్నా, ఇగ ఇవి ఏం జెప్తలేవు. రాత్రంత మబ్బు. బూటు చీలమండదాంక. చక్కెర ముద్దైతుంది. మిషన్ బయటికి తియ్యలే. సూపర్‌వైజర్ ఒకటే లొల్లి."

"16. ఏం పడలే. ఇయ్యాల గూడ తియ్యలే."